దేవయ్య ఎంచుకున్న తొక్కుడు మిషన్

సిరిసిల్ల బీవై నగర్‌లో ఏ కార్ఖానాలోనైనా సాంచా, అంటే మరమగ్గం, వింతగా చప్పుడు చేస్తే దేవయ్యను పిలిచేవాళ్లు. ఆయన మెకానిక్కు కాదు, అందరిలాగే బట్ట నేసే కార్మికుడు. అయితే పన్నెండు సాంచాలు ఒక్కసారే మోగుతుంటే, వాటిలో ఏది తప్పు పలుకుతోందో గుమ్మంలో నిలబడే చెప్పేవాడు. "మూడోదాని నాడె తాకుతంది, జర ఆపి చూడుండ్రి" అనేవాడు. ఆపి చూస్తే నిజంగానే, పోగును అటూ ఇటూ లాగే ఆ నాడె అంచు చిట్లి ఉండేది.

పద్మశాలీల ఇంట్లో పుట్టాడు. పదేళ్ల వయసులో తండ్రి చేతిమగ్గం విప్పి అటకెక్కించడం చూశాడు. పదిహేడో ఏట మహారాష్ట్రలోని భీవండి పోయి సాంచాల పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చి నీలను పెళ్లి చేసుకున్నాక ముప్పై నాలుగేళ్లు సిరిసిల్లలోనే, రెండు వరుసల సాంచాల మధ్య సందులో నడిచాడు. ఆ చప్పుడుకు మనుషుల మాట సగమే వినపడేది. ఇంట్లో కూడా నీల రెండుసార్లు చెబితే గాని పలికేవాడు కాదు. ఆమె వసారాలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. ఇద్దరి సంపాదనతో బిడ్డ స్వప్నను నర్సింగ్ చదివించారు. స్వప్న ఇప్పుడు జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది. అత్తగారిల్లు కూడా అక్కడే.

రెండేళ్ల కిందట, యాభై ఎనిమిదో ఏట, దేవయ్యకు గుండెపోటు వచ్చింది. కరీంనగర్ తీసుకుపోయి స్టెంటు వేయించారు. డాక్టరు సాంచాల పని మాన్పించి, రోజూ నలభై నిమిషాలు నడవమన్నాడు. దేవయ్య దాన్ని డ్యూటీలాగానే పట్టుకున్నాడు. పొద్దున్నే మానేరు వంతెన దాకా సిమెంటు రోడ్డు మీద పోయి వచ్చేవాడు. ఐదు నెలలు గడిచేసరికి కుడి మోకాలు వాచింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, మోకాలు అరిగింది, గట్టి నేల మీద అంతసేపు నడవొద్దన్నాడు.

"ఒకాయన నడువుమంటడు, ఇంకొకాయన నడువద్దంటడు. నేను ఎవల మాట ఇనాలె?" అని స్వప్నకు ఫోన్ చేశాడు.

ఆ ఆదివారం స్వప్న వచ్చి ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. కింద పాదాలు పెట్టుకోవడానికి రెండు పలకలు, పైన ముందుకూ వెనక్కీ ఊగే రెండు పొడవాటి పిడులు ఉన్న యంత్రం అది.

"దీన్ని ఎలిప్టికల్ అంటరు బాపూ. కాళ్లు పలకల మీదికెల్లి లెవ్వయి. నడిచినట్టే ఉంటది గని మోకాలికి దెబ్బ తాకది. నీ గుండె డాక్టరును గూడ అడిగిన. మెల్లగ, మాట్లాడుకుంట తొక్కగలిగేటంత తొక్కుమన్నడు."

"ఉన్నకాడ్నే ఉంటె అది నడుసుడెట్లయితది?"

"సాంచాల నడుమ ముప్పై నాలుగేండ్లు నడిచి నువ్వు ఏడికి పోయినవ్?"

దేవయ్య నవ్వాడు. నీల కూడా నవ్వింది. స్వప్న అప్పటికప్పుడే ఆర్డరు పెట్టబోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు.

"దీని సప్పుడెట్లుంటదో గీ ఫోన్ల ఇనపడ్తదా? ఇనకుంట మిషన్ ఎట్ల కొంటం?"

అలా చూసి కొనడానికే బయల్దేరారు. స్వప్నతో పాటు పనిచేసిన రజిత కోరుట్లలో ఉంటుంది. ఆమె దగ్గర ఒక పాత ఎలిప్టికల్ ఉంది, అమ్మేస్తుందట. ముందు అది చూసి, అది కాకపోతే జగిత్యాలలో దుకాణానికి పోదామని స్వప్న అంది. "నువ్వు గూడ రా అవ్వా, రెండు రోజులు నా దగ్గర ఉండి పోదువు" అని తల్లిని కూడా బయల్దేరదీసింది. వేములవాడలో కోరుట్ల బస్సెక్కేటప్పుడు దేవయ్య ముందే పోయి కిటికీ పక్కన సీటు పట్టుకున్నాడు. నీల ఎక్కేసరికి కాస్త ఆలస్యమైంది. వెనక జనం గొణిగారు.

రజిత ఇంట్లో మిషన్ మీద రెండు చీరలు, ఒక తువ్వాలు ఆరేసి ఉన్నాయి. ఆమె సిగ్గుపడుతూ వాటిని తీసింది. దేవయ్య ఎక్కలేదు. స్టూలు వేయించుకుని పక్కన కూర్చొని, పలకను చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పాడు. తల వంచి విన్నాడు. పిడిని పక్కకు ఊపి చూశాడు.

"బుష్షులు అరిగినయి బిడ్డా. లోపట పట్టా గూడ వదులయింది. పానా ఉంటె ఇయ్యి."

అరగంటలో కిరకిర తగ్గింది. దేవయ్య ముఖంలో చాలా నెలలుగా లేని కళ కనపడింది. బుష్షులు తానే మార్చుకోవచ్చు, ఇదే తీసుకుందామన్నాడు. రజితే ఆపింది.

"కాకా, మంచిగ చేసినవ్. గని నేను దీన్ని ఎందుకు పక్కన పెట్టిన్నో చెప్పకుంట అమ్మితె తప్పయితది. దీని అడుగు పొట్టిది, పదకొండు అంగుళాలే. నా అసుంటి పొడుగు మనిషికి నడిచినట్టుండది, ఉన్నకాడ్నే మెట్లు తొక్కినట్టుంటది. నెల తొక్కిన, మోకాళ్లు పట్టుకున్నయి. నువ్వు నాకన్న పొడుగున్నవ్. ముందు నీ అడుగు కొలుసుకోని పోయి చూడు."

మిషన్‌కు కూడా అడుగు పొడవు ఉంటుందని దేవయ్యకు అప్పుడే తెలిసింది. ఆయనకు అది నచ్చింది. మర్నాడు పొద్దున జగిత్యాలలో స్వప్న ఇంటి డాబా మీద పాదాలు తడుపుకుని నడిచాడు. ఆ తడి గుర్తుల మధ్య దూరాన్ని స్వప్న టేపుతో కొలిచి, ఆయనకు పద్దెనిమిది అంగుళాల అడుగున్న మిషన్ సరిపోతుందని కాగితం మీద రాసుకుంది. నీల కింద చాయ్ పెడుతోంది. ఆమె అడుగు కొలవాలని ఇద్దరికీ తోచలేదు.

దుకాణం యజమాని పేరు మహేందర్. మల్లాపూర్ వాడు. తండ్రి సారయ్య తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడట. మహేందర్ కొన్నాళ్లు జిమ్ నడిపి, తర్వాత ఈ దుకాణం పెట్టాడు. దేవయ్య తనకేం కావాలో చెబుతుంటే శ్రద్ధగా విని, వరసగా మూడు మిషన్లు చూపించాడు.

మొదటిదానికి పెద్ద తెర ఉంది. అందులో అడవి దారులు, సముద్రపు ఒడ్డు కదులుతున్నాయి. "బొమ్మలు చూసెతందుకు ఇంట్ల టీవీ ఉన్నది తమ్మీ" అన్నాడు దేవయ్య. రెండోదాన్ని పదిసార్లు తొక్కి దిగాడు.

"ఇది సాపుగ తిరుగుతలేదు. పైకి అచ్చినప్పుడల్ల ఆగి పోతంది."

మహేందర్ ఆశ్చర్యంగా చూశాడు. "దాని ఫ్లైవీల్ తేలిక కాకా. చక్రం బరువుంటెనే తిరుగుడు ఆగకుంట సాగుతది. శానమంది నెల తొక్కినంక గని గిది చెప్పరు."

మూడోది పెద్దది. చక్రం బరువైనది, అడుగు సరిగ్గా పద్దెనిమిది అంగుళాలు. ఒక గుండీ తిప్పితే లోపలి అయస్కాంతం తొక్కే బిగువును పెంచుతుంది, తగ్గిస్తుంది. దేవయ్య ఎక్కి ఐదు నిమిషాలు తొక్కాడు. తొక్కుతూనే మహేందర్‌తో మాట్లాడాడు. ఆయాసం రాలేదు, మోకాలు కలుక్కుమనలేదు. చప్పుడు లేనట్టే ఉంది. మనిషి పైకి లేచినప్పుడు ఫ్యాను తగులుతుందేమో చూసుకోవాలి, ఇంటి స్లాబు ఎంత ఎత్తని మహేందర్ అడిగితే, ముందు గది పదడుగులన్నాడు. ఫ్యాను కింద కాకుండా మూలకు వేసుకుంటానన్నాడు. ఇదే కావాలన్నాడు.

"ఇంట్ల ఇంకెవలన్న తొక్కుతరా?" అని అడిగాడు మహేందర్.

"లేదు, నాకొక్కనికే."

మహేందర్ గోడ పక్కన బెంచీ మీద కూర్చున్న నీల వైపు చూశాడు. "చిన్నమ్మ ఇందాక మా దుకాణం మెట్లు పక్కకు తిరిగి ఎక్కింది కాకా. మా బాపు తాటిచెట్టు మీదికెల్లి పడ్డంక గట్లనే ఎక్కేది. అందుకే అడిగిన. ఒక్కపారి ఎక్కి చూడు చిన్నమ్మా."

"నాకెందుకు బిడ్డా. నేను దినమంత కూసుండేదాన్ని" అంది నీల.

స్వప్న వచ్చి చెయ్యి పట్టుకుని లేపింది. నీల పిడి పట్టుకుని కుడికాలు ఎత్తింది. పలక నేల నుంచి పన్నెండు అంగుళాల ఎత్తులో ఉంది. ఆమె పాదం జానెడు లేచి ఆగిపోయింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టి, తొడ కింద చెయ్యి పెట్టి, బస్తా ఎత్తినట్టు తన కాలును తానే ఎత్తి పలక మీద పెట్టుకోబోయింది. స్వప్న ఆపింది. నీల ఏదో తప్పు చేసిన మనిషిలా నవ్వి, వెనక్కి పోయి బెంచీ మీద కూర్చుంది.

దేవయ్య వచ్చి బెంచీ అంచున కూర్చున్నాడు.

"ఎప్పటిసంది?" అని అడిగాడు దేవయ్య.

"మూడేండ్లయితుండొచ్చు."

"నాకు చెప్పకపోతివి."

"నీకు గుండెకయినంక నా మోకాలి ముచ్చటేం చెప్పాలె." నీల కొంగు సర్దుకుంది. "గంతకు ముందు ఒక్కపారి చెప్పిన. సాంచాలకాడికెల్లి అప్పుడే అచ్చినవ్. ఇనపడలే నీకు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. దేవయ్య ఆ రోజు ఏదో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. రాలేదు. వేరేవి గుర్తొచ్చాయి. నీల ఈ మధ్య బీడీలు చుట్టేటప్పుడు ఒక కాలు చాపుకునే కూర్చుంటోంది. తనతో పాటు కింద కూర్చొని అన్నం తినడం ఎప్పుడో మానేసింది. "నువ్వు తిను, నేను మల్ల తింట" అంటే పని ఉందేమో అనుకున్నాడు. వంటింట్లో గట్టు దగ్గర నిలబడి తినేది. నిన్న బస్సు మెట్ల దగ్గర ఆలస్యమైంది కూడా అందుకే.

ఆయన మహేందర్ వైపు తిరిగాడు. "తమ్మీ, పలకలు కిందికి ఉండేటియి లేవా?"

"ఒక్కటున్నది" అంటూ మహేందర్ దుకాణం చివరకు తీసుకుపోయాడు. చిన్న మిషన్. పెద్దగా అందం లేదు, తెర కూడా అరచేయంతే. దాని చక్రం వెనకవైపు ఉంది. పలకలు నేలకు దగ్గరగా, ఏడంగుళాల ఎత్తులో ఉన్నాయి. "దీని మీద కాలు పైకి లేసుడు తక్కువ, ముందుకు పోవుడే ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్నోళ్లకు జర సులువు. గని కాకా, అడుగు పదిహేను అంగుళాలే. నీకు తక్కువయితది."

నీల స్వప్న భుజం పట్టుకుని ఎక్కింది. నాలుగుసార్లు తిప్పింది. భయంతో పిడిని ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్లు తెల్లబడ్డాయి. ఆరోసారికి భుజాలు కాస్త కిందికి దిగాయి. "చాలు, దింపుండ్రి" అంది. దిగింది. కొంచెంసేపు నిలబడి మిషన్‌నే చూసి, "ఇంకోపారి ఎక్కన్నా?" అని అడిగింది.

రెండోసారి ఆమె తొక్కుతుంటే దేవయ్య ఆ మిషన్ చప్పుడు ఎలా ఉందో గమనించలేదు. ఆమె పాదాలనే చూస్తూ నిలబడ్డాడు.

"ఇదే తీసుకుందాం" అన్నాడు.

స్వప్నకు అది సరిగా అనిపించలేదు. "బాపూ, డాక్టరు తొక్కుమన్నది నిన్ను. నీకు సరిపోయేది వదిలిపెట్టి గిది కొంటె ఎట్ల? అవ్వకు వేరే ఏమన్న చూద్దాం."

"నేను జర చిన్నగ అడుగేస్త బిడ్డా, నాతోని అయితది. ఆమె కాలు గంత ఎత్తుకు లెవ్వది, ఏం జేసినా లెవ్వది."

మహేందర్ దేవయ్యను ఇంకోసారి ఎక్కించి, మోకాలికి ఇబ్బంది లేదని చూశాడు. రోడ్డు మీద నడిచినంత హాయిగా ఉండదు, ఒకేసారి కాకుండా రెండుసార్లుగా తొక్కమన్నాడు. ఆ రోజు మిషన్ అమ్మడానికి మాత్రం ఒప్పుకోలేదు. "ముందు చిన్నమ్మ మోకాలు డాక్టరుకు చూపియ్యుండ్రి. ఆయన సరేనంటె నాకు ఫోన్ చెయ్యి అక్కా, సిరిసిల్లకు పంపిస్త" అని స్వప్నతో చెప్పాడు.

మర్నాడు స్వప్న తన ఆసుపత్రిలోనే తల్లికి చూపించింది. రెండు మోకాళ్లూ అరిగాయి, కుడిది ఎక్కువ. ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదన్నాడు డాక్టరు. ముందు మూడు వారాలు కుర్చీలో కూర్చొని తొడ కండరాలకు కసరత్తు, ఆ తర్వాత బిగువు లేకుండా ఈ మిషన్ అన్నాడు. కింద కూర్చోవడం మానెయ్యాలన్నాడు. బీడీలు చేసే మనిషికి ఆ చివరి మాట కొంచెం వింతగా వినిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు కొడిమ్యాల దారిలో బస్సు దాదాపు ఖాళీగా ఉంది. దేవయ్య ఈసారి నీలను ముందు ఎక్కించి వెనక ఎక్కాడు. ఆమె మోచేతి కింద చెయ్యి పెట్టాడు. ఇన్నేళ్లలో నలుగురిలో అలా పట్టుకున్నది లేదు. నీల ఇబ్బందిగా చుట్టూ చూసింది గాని చెయ్యి విడిపించుకోలేదు. కిటికీలోంచి నాట్లేసిన మడులు వెనక్కి పోతున్నాయి. దేవయ్య ఆలోచనలో పడ్డాడు. చెవిటితనాన్ని పనిమీద తోసెయ్యవచ్చు. సాంచాల కార్ఖానాలో పనిచేసిన ఎవరిని అడిగినా అదే చెబుతారు. కానీ చూపుకు ఏమైంది? తన మోకాలు వాచిన రోజు నీలకు చెప్పాడు, బిడ్డకు ఫోన్ చేశాడు. అదే ఇంట్లో ఇంకో మోకాలు మూడేళ్లుగా గుమ్మాలు పట్టుకుని లేస్తోంది. తెలియలేదని అనుకోవడానికి కూడా ఆయనకు మనసు రాలేదు. తెలుసుకోలేదు.

"ఏం ఆలోచన చేస్తున్నవ్?" అంది నీల.

"ఏం లేదు. ఒక ఎత్తు బల్ల చేస్త. దాని మీద చాట పెట్టుకోని కుర్చీల కూసోని చెయ్యరాదు బీడీలు?"

"చాట ఒళ్లె లేకుంటె చెయ్యి పారది."

"కొన్ని దినాలు చేసి చూడు."

నీల ఒళ్లో చెయ్యి పెట్టి, చాట ఎంత ఎత్తున ఉంటుందో చూసుకుంది.

మిషన్ వారం లోపల విడిభాగాలుగా వచ్చింది. దేవయ్య ఎవరినీ పిలవకుండా ఒక సాయంత్రం కూర్చొని బిగించాడు. మూడు వారాల కసరత్తు అయ్యాక నీల మొదటిరోజు రెండు నిమిషాలు తొక్కింది. చీర అడ్డం పడుతోందని బిడ్డది ఒక పాత పంజాబీ డ్రెస్సు వేసుకుంది. దేవయ్య పక్కనే నిలబడితే, "నువ్వు చూస్తుంటె నా కాలు తిరుగది, బయటికి పో" అని పంపేసింది.

అంతా సాఫీగా ఏమీ సాగలేదు. రెండో నెలలో నొప్పి పెరిగిందని నీల పది రోజులు మిషన్ వైపే చూడలేదు. బిగువు గుండీ ఎవరో పొరపాటున తిప్పారని తర్వాత తేలింది. ఆ ఎవరో దేవయ్యే. తాను తొక్కి దిగేటప్పుడు మళ్లీ తగ్గించడం మరచిపోయాడు. అప్పటినుంచి నీల ఎక్కేముందు ఆ గుండీ తానే చూసుకుంటోంది. ఆయన చేసిన బల్ల మీద బీడీలు మొదట్లో సగమే అయ్యేవి. రెండుసార్లు బల్లను తోసేసి కింద కూర్చుంది. దేవయ్య బల్ల కాళ్లు ఒక అంగుళం కోసి, అంచుకు చాట జారకుండా బద్ద కొట్టాడు. అప్పుడు కుదిరింది.

దేవయ్యకు పొట్టి అడుగు అలవాటు కావడానికీ నెల పట్టింది. పొద్దున పదిహేను నిమిషాలు, సాయంత్రం పదిహేను నిమిషాలు తొక్కుతాడు. మిగతాది మెత్తటి మట్టిబాట చూసుకుని నెమ్మదిగా నడుస్తాడు. మోకాలి వాపు తగ్గింది. మొన్న కరీంనగర్‌లో గుండె డాక్టరు బాగుందన్నాడు. నీల ఇప్పుడు పన్నెండు నిమిషాలు తొక్కుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు ఇప్పటికీ గోడ పట్టుకుంటుంది గాని, పక్కకు తిరగదు. అన్నం ఇద్దరూ ఒక్కసారే తింటున్నారు, రెండు కుర్చీలు వేసుకుని.

వీధిలో బీడీలు చేసే ఆడవాళ్లు ఒకరొకరుగా మిషన్ చూడటానికి వచ్చారు. మొదట నవ్వారు. తర్వాత ఎక్కి చూస్తామన్నారు. వాళ్లలో పక్కింటి వజ్రమ్మ ఒక మధ్యాహ్నం కొడుకు ఫోన్ పట్టుకుని వచ్చింది. కొడుకు ఆమె కోసం పెద్ద మిషన్ ఒకటి చూసి పెట్టాడట, బొమ్మలు కనపడే తెర ఉన్నది. దేవయ్యను అడిగి కొందామని వచ్చింది.

దేవయ్య ఫోన్ అందుకోబోతే నీల అడ్డొచ్చింది. "నువ్వు ఉండు, నేను చెప్త" అని వజ్రమ్మను మిషన్ దగ్గరికి తీసుకుపోయింది. బిగువు గుండీ సున్నాకు తిప్పింది.

"గోడ పట్టుకో అక్కా. ఒక్కొక్క కాలు ఎత్తి చూపియ్యి."

వజ్రమ్మ ఎడమకాలు ఎత్తింది, కుడికాలు ఎత్తింది. "ఎడమది మంచిగనే లేస్తది, కుడిదే జర మొండికేస్తది" అంది.

"గట్లయితె ఎడమకాలి సంగతి ఇడిచిపెట్టి, కుడికాలు ఎంత లేస్తదో పలకలు గంత ఎత్తుకే ఉన్నదాన్ని కొనుమను నీ కొడుకును" అంది నీల. టేపు తెమ్మని దేవయ్యను లోపలికి పంపింది.